చదువు మాట తప్ప ఇంకో మాట లేని ఇంట్లో పదిహేనేళ్ల పిల్లాడు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీది గుంటూరు. బాబుకి పదిహేనేళ్లు, ప్రైవేటు స్కూల్లో పదో తరగతి. పాపకి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. మీది ఉద్యోగం, మీవారు ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది, ఇంట్లో అత్తగారు. బాబు ఏడాదిగా మాటలు తగ్గించేశాడు. ఏం అడిగినా "ఊ", "ఏమో", "తెలీదు", ఈ మూడే. గదిలోకి వెళ్తే తలుపు వేసుకుంటాడు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్, పొద్దున్నే లేపడం ఒక యుద్ధం. పోయిన వారం వాళ్ల నాన్న ఫోన్ లాక్కుంటే కంచం తోసేసి లేచిపోయి, మర్నాడు సాయంత్రం దాకా ఏమీ తినలేదు. ట్యూషన్‌కి వెళ్లడానికి స్కూటీ కావాలంటున్నాడు. చివర్లో "ఇంటర్‌కి హాస్టల్లో వేస్తే దారిలో పడతాడా?" అని అడిగారు.

నేను సైకాలజీ చదవలేదు. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఎక్కువగా ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు. అంటే నా ఉద్యోగమంతా పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లల మధ్యే. బళ్లో పిల్లలు నాతో బాగానే ఉండేవాళ్లు. ఇంట్లో నా కొడుకు మాత్రం అచ్చం మీ బాబే. కాబట్టి ఇందులో టీచర్ చెప్పే మాటలు తక్కువ, తప్పులు చేసిన తల్లి చెప్పే మాటలు ఎక్కువ.

మావాడు పదిలో ఉన్నప్పుడు ఒకరోజు వాడితో గొడవయ్యాక మా అమ్మాయి నా మీద విసుక్కుంది. "అమ్మా, వాడితో నువ్వు అనేవన్నీ ఒక్కరోజు కాగితం మీద రాసి చూసుకో" అంది. పంతం కొద్దీ రాశాను. చింపిన క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి వంటింటి గట్టు మీద పెట్టుకున్నాను. వాడు ఇంటికొచ్చినప్పటి నుంచి పడుకునేదాకా నేను వాడితో అన్నవి 23. "బాక్సు బయట పెట్టు." "ఎన్నొచ్చాయి?" "మరి వాడికెన్ని?" "రికార్డు రాశావా?" "టీవీ ఆపు." "కూర్చో." "ఎంతసేపా స్నానం?" ఇలా 20 దాకా అయితే ఆర్డర్లు, కాకపోతే ఆరాలు. మిగిలిన మూడూ అన్నం గురించి. ఊరికే, ఏ పనీ లేకుండా అన్న మాట ఒక్కటి లేదు. లెక్కల టీచర్ని కదా, అంకె కనిపిస్తే గానీ బుర్రకెక్కలేదు. అలా రోజంతా నాతో ఎవరైనా మాట్లాడితే తలుపు నేనే ముందు వేసుకుంటాను.

మీరూ ఒక్క సాయంత్రం రాయండి. ఎవరికీ చూపించక్కర్లేదు.

నాకు తోచినంతలో మీ ఇంట్లో అసలు గొడవ ఫోన్ కాదు. ఇంట్లో మాట అంటే చదువు మాటే అయిపోయింది. మాట్లాడితే చదువు గురించి అడుగుతారని తెలిసిన పిల్లాడు మాటే తగ్గించుకుంటాడు. అందుకని మొట్టమొదట చేయాల్సింది చిన్న పని. బాబు ఇంటికొచ్చిన అరగంట వరకూ మార్కులు, హోంవర్క్, పరీక్ష అన్న పదాలు ఇంట్లో వినపడకూడదు. అత్తగారి నోట కూడా.

పొద్దున్న ఏడింటికి వెళ్లి సాయంత్రం ఆరున్నరకి వస్తున్నాడని రాశారు. అంటే పదకొండున్నర గంటలు. మనం ఎనిమిది గంటల డ్యూటీ చేసొచ్చి సోఫాలో కూలబడి, కాసేపు ఎవరూ పలకరించకపోతే బాగుండు అనుకుంటాం. వాడు చెప్పులు విప్పేలోపే "స్లిప్ టెస్ట్ పేపర్ ఇచ్చారా?" అంటాం. పైగా ఆకలి. ఎదిగే వయసు మగపిల్లాడు మధ్యాహ్నం బాక్సు తిన్నాక ఆరున్నర దాకా ఏమీ తినకపోతే ఎంత చిరాకుగా ఉంటాడో నేను ఆఖరి పీరియడ్లో రోజూ చూసేదాన్ని. బిస్కెట్ ప్యాకెట్ సరిపోదు. మిగిలిన ఇడ్లీ పిండితో రెండు ఊతప్పాలో, అటుకుల ఉప్మానో, రెండు ఉడికించిన గుడ్లో పెట్టండి. పెట్టి ఎదురుగా కూర్చుని మొహంలోకి చూడకండి. పక్కనే మీ పని మీరు చేసుకోండి. మీరు అప్పటికి ఇంటికి రారంటే ఆ పని అత్తగారిది. ఆవిడకి ఓపికా ఉంది, టైమూ ఉంది.

వెంటనే ఫలితం ఉంటుందని అనుకోవద్దు. నేను అడగడం మానేసిన నాలుగో రోజు మావాడు అనుమానంగా చూసి "ఏంటి, మా సార్ ఫోన్ చేశాడా?" అన్నాడు. నేను ఊరుకోవడం కూడా ఏదో కొత్త ఎత్తు అనుకున్నాడు. వాడంతట వాడు వంటింట్లోకి వచ్చి గట్టుకి ఆనుకుని నిలబడటానికి మూడు వారాలు పట్టింది. నిలబడి చెప్పింది కూడా ఏం లేదు, ఎవరో కుర్రాడి సైకిల్ చైన్ తెగిందట. దానికి నేను కూర తిప్పుతూ "ఊ, తర్వాత?" అన్నాను. అంతే.

ఈ "ఊ, తర్వాత?" అన్న రెండు మాటలు నేను చాలా ఖరీదుతో నేర్చుకున్నాను. ఆ సంగతి చెప్తాను.

అదే ఏడాది, ఈ సైకిల్ చైన్ సంగతికి ముందే, దసరా ముందు ఇల్లు దులుపుతున్నాం. హాల్లో ఫ్యాను తుడవడానికి మావాడిని స్టూలెక్కించి, నేను స్టూలు పట్టుకుని నిలబడ్డాను. పాత పంచె ముక్క తడిపి ఒక్కో రెక్కా తుడుస్తున్నాడు. నల్లటి నీళ్లు వాడి మోచేతి దాకా కారుతున్నాయి. వాడి మొహం ఫ్యాను వైపు ఉంది, నాకు వాడి మోకాళ్లే కనిపిస్తున్నాయి. రెండో రెక్క అయ్యాక మూడోది తన వైపు తిప్పుకుంటూ, ఏదో మామూలు మాటలా అన్నాడు. "అమ్మా, నేను ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోను."

ఏడాదిలో వాడు నాతో చెప్పిన మొదటి సొంత మాట అది. నేనేమన్నానో తెలుసా? "తీసుకోకుండా గేదెలు కాస్తావా?"

వాడు మూడో రెక్క కూడా శుభ్రంగా తుడిచి దిగాడు. గుడ్డ బకెట్లో వేసి చేతులు కడుక్కున్నాడు. మళ్లీ నాతో చదువు సంగతి ఎత్తడానికి మూడు నెలలు పట్టింది.

సంక్రాంతికి అరిసెల కోసం తడి బియ్యం పిండి పట్టించడానికి మరకి వెళ్తూ వాడిని తోడు రమ్మన్నాను. డబ్బా వాడు పట్టుకున్నాడు. దారిలో నేనే అన్నాను, "దసరా అప్పుడు నువ్వు ఎంపీసీ వద్దంటే నేనన్న మాట తప్పురా. ఎందుకొద్దో ఇప్పుడూ అడగను. చెప్పాలనిపిస్తే వింటాను." వాడు పలకలేదు. మర దగ్గర పండగ రద్దీ, ముప్పావు గంట నిలబడ్డాం, ఆ చప్పుడులో మాటలు కుదరవు. తిరిగొచ్చేటప్పుడు సందు మొదట్లో చెప్పాడు. వాడికి లెక్కలంటే భయమట. స్లిప్ టెస్ట్ పేపర్లన్నీ ఇన్వర్టర్ వెనక దాస్తున్నాడట. "నువ్వు లెక్కల టీచర్‌వి కదా. నీ కొడుక్కి లెక్కలు రావంటే బళ్లో నీకు పరువు తక్కువ కదా" అన్నాడు. వెచ్చటి పిండి డబ్బా పొట్టకి ఆనించుకుని, నా వైపు చూడకుండా.

నేను రోజూ ఊళ్లో పిల్లలకి "లెక్కలంటే భయపడకండమ్మా" అని చెప్పొస్తున్నాను.

ఇది ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఈ వయసు పిల్లలు ముఖ్యమైన మాట ముఖ్యమైన మాటలా చెప్పరు. మనం ఎదురుగా కూర్చోబెట్టుకుని "చెప్పు నాన్నా, నీ ప్రాబ్లం ఏంటి?" అంటే అది పోలీసు విచారణలా ఉంటుంది వాళ్లకి. చేతిలో పని ఉండి, కళ్లు ఇంకెక్కడో ఉన్నప్పుడు మాట దానంతటది జారుతుంది. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నప్పుడు, కరెంటు పోయి అందరూ వాకిట్లో కూర్చున్నప్పుడు. మీ పని అలాంటి సందర్భాలు వారానికి రెండు మూడు ఉండేలా చూడటం. మాట వచ్చినప్పుడు వెంటనే సలహా, సామెత, మీ చిన్నప్పటి కష్టాలు, ఇవేవీ తీయకండి. "ఊ, తర్వాత?" అనండి. నాలుగుసార్లలో మూడుసార్లు తర్వాత ఏమీ ఉండదు. ఉండకపోనివ్వండి.

పదహారేళ్లొస్తే కొడుకుని స్నేహితుడిలా చూడమని పెద్దవాళ్లు అంటారు. నాకు అది పూర్తిగా ఒప్పుదల కాదు. స్నేహితులు వాడికి బళ్లో నలభై మంది ఉన్నారు. పరీక్ష పోయినా, తప్పు చేసినా భయం లేకుండా వచ్చి చెప్పుకునే అమ్మ ఒక్కతే ఉంటుంది.

ఇక ఫోన్ సంగతి. మావాడి రోజుల్లో గొడవలు టీవీలో క్రికెట్ మీద, వీధి చివర నెట్ సెంటర్ మీద. ఫోన్ గొడవలు నేను బళ్లో చూశాను. కరోనా ఏడాది ఆన్‌లైన్ క్లాసుల కోసం అప్పు చేసి మరీ కొన్న ఫోన్లు ఆ తర్వాత పిల్లల చేతుల్లోంచి వెనక్కి రాలేదు.

ముందు నిద్ర లెక్క చూడండి. ఒంటిగంటకి పడుకుని అయిదున్నరకి లేస్తే నాలుగున్నర గంటలు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి కావాల్సింది 8 నుంచి 10 గంటలు. నాలుగున్నర గంటల నిద్రతో మీరు నేను అయినా కంచం తోసేస్తాం. ఇంకో సంగతి, ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ చిన్నప్పటికన్నా రాత్రి ఆలస్యంగా ఊరడం మొదలుపెడుతుంది. తొమ్మిదింటికి పడుకోమంటే వాడికి నిజంగానే నిద్ర రాదు. అది పొగరు కాదు, ఒంటి తీరు. అలాంటి పిల్లాడి చేతిలో ఫోన్ ఉంటే ఆలస్యం ఇంకా పెరుగుతుంది. "తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివితే బాగా ఎక్కుతుంది" అని మీ అత్తగారు అంటున్నారని రాశారు. ఆవిడ కాలంలో ఎనిమిదింటికి దీపం ఆర్పి పడుకునేవాళ్లు, ఎక్కేది. మా బళ్లో పొద్దున్నే స్టడీ అవర్లు పెట్టిన ఏడాది మొదటి పీరియడ్లో పిల్లలు కళ్లు తెరుచుకునే నిద్రపోయేవాళ్లు. త్రికోణమితి చెప్తుంటే ఒకడు పెన్ను పట్టుకునే ముందుకి ఒరిగాడు.

లాక్కోవడం వల్ల ఫోన్ మీద మమకారం పెరుగుతుంది, మీ మీద తగ్గుతుంది. ఆదివారం మధ్యాహ్నం, అందరి కడుపులూ నిండి ఉన్నప్పుడు కూర్చుని ఒక టైము అనుకోండి. రాత్రి పదిన్నరకి ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో ఒకే చోట చార్జింగ్‌కి పెట్టాలి. అన్నీ అంటే మీవారిదీ, మీదీ కూడా. నాన్న మంచం మీద పడుకుని రీల్స్ చూస్తూ కొడుకుని ఫోన్ పక్కన పెట్టమంటే ఆ మాటకి విలువుండదు. "అలారం ఫోన్లోనే కదా" అంటాడు, తప్పకుండా అంటాడు. ముందే ఒక అలారం గడియారం కొని ఉంచండి. "హోంవర్క్ వాట్సాప్‌లో వస్తుంది" అంటాడు. అది నిజమే. తొమ్మిదిలోపు చూసి కాపీ చేసుకోమనండి. పదకొండు కావాలని బేరమాడితే పదీ ముప్పావుకి దిగండి. తను బేరమాడి తెచ్చుకున్న టైముని పిల్లాడు కొంచెం ఎక్కువ గౌరవిస్తాడు. తప్పితే ఏమవుతుందో కూడా అప్పుడే అనుకోండి, చిన్నదిగా. మర్నాడు అరగంట ముందు పెట్టేయాలి, అంతే. "నెల రోజులు ఫోన్ బంద్" అని అరిచి మూడో రోజు మీరే ఇచ్చేస్తారు, వాడికీ ఆ సంగతి తెలుసు. ఆదివారం కాస్త ఎక్కువసేపు పడుకోనివ్వండి గానీ మధ్యాహ్నం దాకా వద్దు, సోమవారం మళ్లీ మొదటికొస్తుంది.

వాడు నిద్రపోతుంటే వాడి వేలు పెట్టి ఫోన్ లాక్ తీసి చూస్తున్నానని రాశారు. చాలామంది తల్లులు చేస్తారు. మానేయండి. తెలిసిన రోజు తలుపుకి గడియ పడుతుంది. చూడాలనుకుంటే చూస్తానని చెప్పి చూడండి. అంతకన్నా ముందు ఒక మాట వాడికి చెప్పి పెట్టండి, "ఎవరైనా నీ ఫోటో పెట్టి బెదిరించినా, ఆటలో డబ్బు పోయినా, ముందు నా దగ్గరికి రా. నేను తిట్టను." అప్పుడు నిజంగా తిట్టకూడదు. ఆన్‌లైన్ మోసాలకి 1930 అనే నంబరు ఉంది, డబ్బు పోయిన వెంటనే చేయాలి. తిడతారని భయపడి పిల్లలు రెండు రోజులు దాస్తారు, ఈలోపు డబ్బు చేతులు మారిపోతుంది. మీ బ్యాంకు మెసేజీల మీద మాత్రం ఒక కన్నేసి ఉంచండి.

కంచం సంగతి. అన్నం ముందు గొడవ పెట్టుకోవడం మన ఇళ్లలో పెద్ద జబ్బు, ఎందుకంటే అందరం ఒక చోట దొరికేది అప్పుడే. ఆ పూట ఎంత ముంచుకొచ్చినా తిండి దగ్గర ఎత్తొద్దు. పిల్లాడు లేచి వెళ్లిపోతే వెంట పడి తలుపు బాదకండి. అన్నం మీద మూత పెట్టి బల్ల మీద ఉంచి, "ఇక్కడ పెట్టాను" అని ఒక్కసారి చెప్పి పడుకోండి. నానమ్మ ముద్దలు కలిపి గదిలోకి తీసుకెళ్లడం కూడా వద్దు, అలిగితే సేవ జరుగుతుందని నేర్పినట్టే.

వాళ్ల నాన్నకీ వాడికీ మధ్య మీరు పోస్టాఫీసు పని చేస్తున్నారు. "మీ నాన్నకి చెప్తానుండు" అని ఇటు, "వాడేమన్నాడో తెలుసా" అని అటు. నేనూ చేశాను. దానివల్ల నాన్న అంటే తొమ్మిదింటికి వచ్చే శిక్ష అయిపోతాడు. మీవారిని వారానికి ఒక అరగంట వాడితో చదువు ఊసెత్తని పని ఏదైనా చేయమనండి. బండి కడగడం, మార్కెట్‌కి వెళ్లడం, క్రికెట్ చూడటం. ఫోన్ లాక్కున్న తీరు తప్పని ఆయన వాడితో ఒక మాట అంటే మంచిది. మావారు ఆర్టీసీలో డ్రైవరు, ఆయన నోటి నుంచి సారీ అన్న మాట నేనెప్పుడూ వినలేదు. గొడవైన మర్నాడు పునుగుల పొట్లం తెచ్చి టేబుల్ మీద పెట్టి, "వేడిగా ఉన్నాయి" అనేవారు ఎవరితోనూ కాకుండా. మా ఇంట్లో సారీ అంటే అదే, మావాడికీ అర్థమయ్యేది. కానీ పెద్దయ్యాక వాడే అన్నాడు, "పునుగులతో పాటు ఒక మాట కూడా అని ఉంటే బాగుండేది" అని.

చెయ్యి చేసుకోవడం మాత్రం వద్దు. పదిహేనేళ్ల పిల్లాడు తిరిగి చెయ్యెత్తిన రోజు ఇంట్లో ఎవరూ గెలవరు.

స్కూటీ గురించి ఎక్కువ రాయను. ఇవ్వొద్దు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, మైనర్ బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకి గానీ బండి యజమానికి గానీ మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. వాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ రాదు. పదహారేళ్లకి లైసెన్స్ ఇస్తారని వాడు వాదిస్తాడు. అది గేర్లు లేని 50 సీసీలోపు బండికి, మనం మామూలుగా కొనే స్కూటీలు అంతకన్నా పెద్దవి. "అందరూ నడుపుతున్నారు" అన్నది నిజమే. నా క్లాసులో అలా నడిపిన ఒక పిల్లాడి ఖాళీ బెంచీ నేను ఏడాదంతా చూశాను. మంచి సైకిల్ కొనండి, వాడికి నచ్చిన రంగులో, వాడినే తీసుకెళ్లి.

హాస్టల్ గురించి మీరు అడిగిన తీరే నన్ను కలవరపెట్టింది. "దారిలో పడతాడా" అన్నారు. హాస్టల్ చెడ్డదని నేను అనను, మా విద్యార్థులు చాలామంది హాస్టళ్లలో ఉండి పైకొచ్చారు. కానీ శిక్షగా పంపిన పిల్లాడు అక్కడ ఇబ్బంది పడ్డా మీకు చెప్పడు, ఎందుకంటే పంపించింది వదిలించుకోవడానికే అని వాడి నమ్మకం. ముందు ఏం చదవాలో తేలాలి, ఎక్కడ ఉండాలన్నది ఆ తర్వాత. మన దగ్గర ఇది తలకిందులుగా జరుగుతుంది. పదో తరగతి పరీక్షలు ఇంకా మూడు నెలలుండగానే కాలేజీల పీఆర్‌ఓలు ఇంటికొచ్చి "ఇప్పుడు అడ్వాన్స్ కడితే ఫీజు తగ్గుతుంది" అంటారు, నాన్న కట్టేస్తాడు, పిల్లాడికి రశీదు చూపిస్తారు.

పది తర్వాత ఎంపీసీ, బైపీసీ మాత్రమే ఉన్నాయనుకోకండి. సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్), ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్), హెచ్‌ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) ఉన్నాయి. పాలీసెట్ రాస్తే పాలిటెక్నిక్ డిప్లొమా, ఆ తర్వాత ఈసెట్‌తో నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చు. పదో తరగతి మార్కుల మీద సీటిచ్చే ట్రిపుల్ ఐటీలు నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళంలో ఉన్నాయి, ఆరేళ్ల చదువు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి వాడి ముందు పెట్టండి. "ఏది వద్దు?" అని మొదలెట్టండి. ఏది కావాలో ఆ వయసులో చాలామందికి తెలీదు, ఏది వద్దో తెలుస్తుంది.

మావాడు సీఈసీ తీసుకున్నాడు. చుట్టాలందరూ ఏడాది పాటు నన్ను పరామర్శించారు. తర్వాత బీకాం చేసి ఇప్పుడు ఒక ఆడిటర్ దగ్గర జీఎస్టీ లెక్కలు చూస్తున్నాడు. లెక్కలంటే భయం అన్నవాడు.

ఒకవేళ హాస్టలే అయితే, వాడిని వెంట తీసుకెళ్లి చూడండి. పీఆర్‌ఓని కాదు, గేటు దగ్గర ఔటింగ్‌కి బయటికొచ్చిన పిల్లల్ని అడగండి. రాత్రి ఎన్నింటికి లైట్లు ఆర్పుతారు, ఇంటికి ఫోన్ ఎన్ని రోజులకోసారి, బాత్రూములు ఎంతమందికి ఎన్ని, ఆదివారం కూడా పరీక్షేనా, ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు. మధ్యలో వచ్చేస్తే ఫీజు ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి. వాడితో ఒక మాట గట్టిగా చెప్పండి, "నచ్చకపోతే వచ్చెయ్, సీటు పోతే పోయింది."

ఒక విషయంలో మాత్రం ఆగొద్దు. మౌనం, చిరాకు, తలుపు, ఇవి ఈ వయసులో మామూలే. కానీ రెండు వారాలకి మించి సరిగా నిద్రపోక, తిండి మానేసి, ఇష్టమైన క్రికెట్‌కీ స్నేహితులకీ కూడా దూరమైతే, తన వస్తువులు ఎవరికో ఇచ్చేస్తుంటే, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట ఒక్కసారి అన్నా, దాన్ని బెదిరింపు అనుకోకండి. పక్కన కూర్చుని "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని ఆ మాటతోనే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. ఆ రాత్రి వాడిని ఒంటరిగా వదలొద్దు. టెలీ మానస్ అని మనసు బాధలకి గవర్నమెంటు హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. గవర్నమెంటు జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. పది ఫలితాల వారం ఏ ఇంట్లోనైనా ఈ కన్ను తెరిచే ఉంచాలి.

ఇప్పుడు అసలు నేను రాయాలనుకున్నది. మీ ఉత్తరం ఎంత పొడుగుందో, అందులో పాప గురించి ఉన్నది ఒక్క వాక్యం. "పాపతో ఏ ఇబ్బందీ లేదు, చెప్పిన మాట వింటుంది."

మా అమ్మాయి కూడా చెప్పిన మాట వినేది. తమ్ముడు పదిలో ఉండి ఇల్లంతా రణరంగమైన ఏడాది అది ఇంటర్ రెండో సంవత్సరం. ఇరవై నాలుగేళ్లొచ్చాక, పెళ్లి చూపుల హడావిడిలో ఒకరోజు చీరలు మడత పెడుతూ చెప్పింది. ఆ ఏడాది నాలుగు నెలల పాటు ఒకడు కాలేజీ బస్టాపు నుంచి మా సందు దాకా దాని వెంట వచ్చేవాడట. "మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నాను. "ఇంట్లో అప్పటికే తమ్ముడి గొడవ కదా. పైగా చెప్తే కాలేజీ మాన్పిస్తారేమోనని" అంది. అన్నీ ఒకటే సైజులో మడత పెట్టింది, నా మొహం చూడలేదు. దానికి క్యాలెండర్ కాగితం రాసి ఉంటే ఎన్ని మాటలు తేలేవో నాకు తెలీదు. 23 మాత్రం ఉండవు.

పదమూడేళ్ల పాపకి నెలసరి మొదలై ఉంటుంది, లేదా రేపో మాపో. నీరసంగా ఉంటే, మెట్లెక్కితే ఆయాసపడుతుంటే రక్త పరీక్ష చేయించండి, హిమోగ్లోబిన్ 12కి తగ్గితే రక్తహీనత అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి అది ఉంది. గవర్నమెంటు బళ్లో అయితే వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. మీ పాప ప్రైవేటులో చదువుతుంటే అది అందకపోవచ్చు, డాక్టర్ని అడగండి. అన్న కంచం ఎవరు తీస్తున్నారో కూడా చూడండి. ఆ రోజు బాబు తోసేసిన కంచంలోంచి కింద పడ్డ అన్నం ఎవరు ఎత్తారు? మీరు రాయలేదు.

ఈ వారం బాబు జోలికి పెద్దగా పోకండి. ఊతప్పాలు పెట్టి ఊరుకోండి. పాపని బండి వెనక ఎక్కించుకుని ఎక్కడికైనా వెళ్లిరండి, పిండి మరకైనా సరే. రెండు వారాలయ్యాక మళ్లీ రాయండమ్మా, ముందు పాప సంగతి రాయండి.